ఆ రాయి మీద లేని అక్క

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లాండు వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కొండెక్కి పైన ఉన్న చెరువు చూసి సాయంత్రానికి ఇల్లు చేరాలని అనుకున్నాం. అనుకున్నది మా అల్లుడు. భోజనాల దగ్గర "గ్రాస్‌మియర్ వెళ్దాం అత్తయ్యా, మీరు ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన వర్డ్స్‌వర్త్ ఊరు కదా" అన్నాడు. నాకు నిజంగానే సంతోషమేసింది. ఆ మాట అనేసి అతను వెళ్ళి పడుకున్నాడు. మా అమ్మాయి మాత్రం రాత్రి పదకొండు దాటేదాకా బల్ల దగ్గర కూర్చుని చీటీ రాస్తూనే ఉంది.

పొద్దున్నే ఆ చీటీ నా కంట పడింది. పాప బూట్లు నిరుటివి, వేళ్ళు తగులుతున్నాయి, కొత్తవి కొనాలి. వాన కోట్లు నాలుగు. పెరుగన్నం వద్దు, కారుతుంది. పులిహోర, చపాతీల్లో బంగాళదుంప కూర. అమ్మకి మోకాళ్ళ బిళ్ళలు, కర్ర. పాపకి మార్చుకునే మేజోళ్ళు. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి సంచి. ఎనిమిదింటికల్లా రైలు, ఆ తర్వాత 555 నెంబరు బస్సు, తిరుగు బస్సు వేళలు. నా తేదీ దగ్గర పడింది, ప్యాడ్లు పెట్టుకోవాలి. అన్నిటి కిందా రెండు గీతలు గీసి ఒక వాక్యం: గ్రాస్‌మియర్‌లో అందరూ తప్పనిసరిగా బాత్‌రూంకి వెళ్ళాలి, పైన ఏమీ లేదు.

ఆ చీటీ చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు తిరుపతి కొండకి నడిచి వెళ్ళేవాళ్ళం. ముందు రోజు రాత్రంతా అమ్మ నిద్రపోయేది కాదు. తమ్ముణ్ణి చంకనేసుకుని, పులిహోర డబ్బా ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కేది. నాన్నకి ప్రతిరోజూ ఖర్చులూ విశేషాలూ డైరీలో రాసుకునే అలవాటు. ఆయన పోయాక ఆ డైరీలు తిరగేస్తే ఒక్క ముక్క దొరికింది: "సకుటుంబంగా నడిచి కొండకు వెళ్ళితిమి. దర్శనం బాగా జరిగినది." అమ్మ, తమ్ముడి బరువు, డబ్బా అన్నీ ఆ 'సకుటుంబంగా' అన్న మాటలోకి వెళ్ళి దాక్కున్నాయి. ఆ తరం మగవాళ్ళు భార్యని 'మా కుటుంబం' అనేవాళ్ళని మీకు గుర్తుండే ఉంటుంది.

కొండలెక్కిన వాళ్ళ చరిత్ర చాలానే ఉంది. ఎక్కడానికి ముందు జరిగిన పనుల చరిత్ర ఎక్కడుంది? వర్డ్స్‌వర్త్ ఊరికే వెళుతున్నాం కాబట్టి ఆ ఇంట్లోనే వెతుకుదామనుకున్నాను. వెతకడం కష్టం కాలేదు. ఆ ఇంట్లో చీటీలు రాసిన మనిషి పేరు డొరొతీ. విలియంకి చెల్లెలు, అతని కన్నా ఏడాదిన్నర చిన్నది. 1771 డిసెంబరు 25న పుట్టింది.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. బీఏ పిల్లలకి 'డాఫొడిల్స్' పద్యం ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. కవి ఒంటరిగా తిరుగుతూ పూలు చూశాడనే చెప్పాను. 1802 ఏప్రిల్ 15న ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలు చూసినప్పుడు పక్కన డొరొతీ కూడా ఉందనీ, పూలు ఎలా ఊగాయో, ఎలా తలవాల్చి పడుకున్నాయో ఆవిడ డైరీలో రాసిపెట్టుకుందనీ, పద్యం 1807లో గానీ అచ్చు కాలేదనీ నాకు తెలుసు. తెలిసి కూడా "ఆయన సోదరి కూడా డైరీ రాసేది" అని ఒక ముక్క అనేసి పరీక్షకి వచ్చే ప్రశ్నలోకి వెళ్ళిపోయేదాన్ని. నా క్లాసులో సగం మందికి పైగా ఆడపిల్లలు. వాళ్ళకైనా చెప్పాల్సింది.

విలియం, డొరొతీ 1799 డిసెంబరులో గ్రాస్‌మియర్‌లో ఒక చిన్న అద్దె ఇంట్లో దిగారు. ఇప్పుడు దాన్ని డవ్ కాటేజ్ అంటున్నారు. ఆ ఇల్లు ఆవిడకి ఎంత అపురూపమో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. డొరొతీకి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. మగపిల్లల్ని అలాగే ఉంచి, ఆడపిల్లని మాత్రం హాలిఫాక్స్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. తొమ్మిదేళ్ళ పాటు అన్నదమ్ముల మొహం చూడలేదు. ఈలోగా తండ్రీ పోయాడు. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఒక బంధువు ఇంటి నుంచి ఇంకో బంధువు ఇంటికి. మన ఇళ్ళల్లో తల్లి లేని ఆడపిల్లలు ఎలా పెరిగారో తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండుతుండగా దొరికిన స్థిరమైన గడప అది.

1800 మే 14న ఆవిడ గ్రాస్‌మియర్ డైరీ మొదలుపెట్టింది. ఆ రోజు విలియం, తమ్ముడు జాన్ యార్క్‌షైర్ వెళ్ళారు. డైరీలో మొదట కనిపించేది వాళ్ళ జేబుల్లోని తిండి. చల్లారిన పందిమాంసం పెట్టుకుని మధ్యాహ్న భోజనం తర్వాత రెండున్నరకి బయల్దేరారట. వేళ కూడా రాసింది. వాళ్ళని సాగనంపి ఆవిడ సరస్సు ఒడ్డున కూర్చుని ఏడ్చింది. ఇద్దరు మనుషులు నడిచి వెళ్ళడమంటే జేబులోని మాంసం, బయల్దేరిన గంట, వెనక మిగిలిపోయిన మనిషి ఏడుపు అన్నీ అని ఈవిడకి తెలుసు.

ఆ డైరీ నిండా ఇలాంటివే. రొట్టెలు, పై చేసిన రోజులు. బట్టలుతికిన రోజులు, ఇస్త్రీ చేసిన రోజులు. చిక్కుడు పాదులు పెట్టడం, విలియం చొక్కాలు కుట్టడం, అతని పద్యాలకి శుభ్రమైన ప్రతి రాయడం. తలనొప్పులు, పంటినొప్పులు. ఆ పనుల మధ్యనే మైళ్ళకి మైళ్ళు నడక: ఉత్తరాల కోసం ఆంబుల్‌సైడ్ దాకా, రాత్రి వెన్నెల్లో, వానలో. నడకకీ ఇంటి పనికీ మధ్య ఆ డైరీలో గోడ లేదు. రొట్టె కాలేలోపల ఎంత దూరం వెళ్ళి రావచ్చో లెక్క తెలిసిన మనిషి రాత అది.

ఇప్పుడు ఆ డైరీ పుస్తకమైన కథ. 1897లో విలియం నైట్ అనే ప్రొఫెసర్ డొరొతీ డైరీలను రెండు సంపుటాలుగా అచ్చు వేశాడు. అప్పటికి ఆవిడ పోయి నలభై రెండేళ్ళు. ముందుమాటలో ఆయన ఒక సంగతి దాపరికం లేకుండా చెప్పాడు: అల్పమైన వివరాలు తీసేశాను, ఇవాళ విలియం చొక్కాలు బాగుచేశాననో, విలియం పుల్లలు ఏరాడనో, గుడ్ల కోసం వెళ్ళాననో ఉన్న చోట్లన్నీ అచ్చు వేయక్కర్లేదు అని. ఆయన దుర్మార్గుడేం కాదు, ఆ డైరీలంటే ఇష్టమున్నవాడే. ఇష్టంతోనే కత్తిరించాడు. ప్రకృతి వర్ణన ఉంచి గుడ్లు తీసేశాడు. కొండలూ మబ్బులూ మిగిలాయి, కొండకి వెళ్ళడానికి వీలు కల్పించిన పనులు పోయాయి. చదివినవాళ్ళకి డొరొతీ అంటే అన్నగారి పక్కన గాలిలో తేలుతూ నడిచే సున్నిత మనస్కురాలిగా కనబడింది. 1941లో ఎర్నెస్ట్ డి సెలిన్‌కోర్ట్ మరింత నిండుగా సంపాదకత్వం చేసేదాకా ఆ గుడ్లు మళ్ళీ బుట్టలోకి రాలేదు.

మన దగ్గర 1980ల్లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తేలిందీ ఇలాంటిదే కదా. దళాలకి అన్నం వండిపెట్టినవాళ్ళు, కబుర్లు మోసినవాళ్ళు, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి అడవికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళు చెప్పినవాటిని 'అల్పమైన వివరాలు' అని కొట్టేసి ఉంటే పోరాటమంటే తుపాకీ ఒక్కటే అయ్యేది. ఇంగ్లాండులో ఒక కవి ఇంటికీ తెలంగాణ పోరాటానికీ పోలికేమిటని అడగొచ్చు. పోలిక వాళ్ళ జీవితాల్లో లేదు, సంపాదకుడి కత్తెరలో ఉంది.

డొరొతీ నడకని ఆ రోజుల్లో అందరూ మెచ్చుకున్నారని కూడా అనుకోవద్దు. 1794లో, గ్రాస్‌మియర్‌కి రావడానికి ముందే, అన్నతో కలిసి ఇదే ప్రాంతంలో కాలినడకన తిరిగితే మేనమామ భార్య, అంటే అత్తగారి వరసావిడ, ఉత్తరంలో చివాట్లు పెట్టింది. వయసొచ్చిన పిల్ల ఊళ్ళెమ్మట అలా నడవడమేమిటని. డొరొతీ ఊరుకోలేదు. ప్రకృతి నాకిచ్చిన బలాన్ని వాడుకునే ధైర్యం నాకుందని తెలిసి మీరు సంతోషిస్తారనుకున్నాను అన్నట్టు జవాబిచ్చింది. పైగా బండి కట్టించుకుని వెళ్ళి ఉంటే అయ్యే ముప్ఫై షిల్లింగులు మిగిలాయని కూడా రాసింది. నాకు ఆ ముప్ఫై షిల్లింగుల మాటే ఎక్కువ ఇష్టం. స్వేచ్ఛ గురించి ఉత్తరం రాస్తూ కూడా ఖర్చు లెక్క మరవలేదు. సొంత డబ్బు లేని ఆడది అలా మరవలేదు.

అయితే డొరొతీని నెత్తిన పెట్టుకోబోయే ముందు ఆవిడ వెనక ఎవరున్నారో కూడా చూడాలి. మాలీ ఫిషర్ అనే పక్కింటి ముసలావిడ రోజూ కొన్ని గంటలు వచ్చి పొయ్యిలు రాజేసి, గిన్నెలు కడిగి, కూరలు తరిగి వెళ్ళేది. అరవై ఏళ్ళ మనిషి. వారానికి రెండు షిల్లింగులు. డొరొతీ తన స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఆ లెక్కా ఉంది. బండి ఖర్చు మిగిల్చిన ముప్ఫై షిల్లింగులంటే మాలీకి పదిహేను వారాల కూలి. ఆ తర్వాత 1802 అక్టోబరులో విలియం మేరీ హచిన్‌సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఆగస్టులో విలియం, డొరొతీ, కోల్‌రిడ్జ్ కలిసి స్కాట్లాండు యాత్రకి బయల్దేరారు. మేరీ ఇంట్లో ఉండిపోయింది. ఒళ్ళో రెండు నెలల పసివాడు. ఆ యాత్ర గురించి డొరొతీ చక్కటి పుస్తకం రాసింది. ఆ వారాల్లో మేరీ ఏం చేసిందో ఏ పుస్తకంలో ఉంటుంది? ఒక ఆడమనిషి కొండెక్కితే ఇంకో ఆడమనిషి ఇంట్లో ఆగిపోవలసి రావడం మనందరికీ తెలిసిన లెక్కే. నేను ఎంఫిల్ చేస్తున్నప్పుడు మా అమ్మాయిని పెంచింది మా అత్తగారు. నా థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు మా గైడుకి ఉన్నాయి.

సరే, మా ప్రయాణం. ఏ చెరువుకి వెళ్ళాలన్నది నేనే తేల్చాను. ఆ కొండల్లో ఎత్తున ఉండే చిన్న చెరువుల్ని టార్న్ అంటారు, పాత నార్స్ భాష నుంచి వచ్చిన మాట. గ్రాస్‌మియర్ చుట్టూ తేలిగ్గా చేరే టార్న్‌లు ఉన్నాయి. నేను మాత్రం గ్రైజ్‌డేల్ టార్న్ అన్నాను. సుమారు 540 మీటర్ల ఎత్తున, ఫెయిర్‌ఫీల్డ్, సీట్ శాండల్, డాలీవాగన్ పైక్ అనే మూడు కొండల మధ్య ఉంటుంది. రానుపోను పన్నెండు కిలోమీటర్ల దాకా నడక. "నీ మోకాళ్ళకి ఎక్కువవుతుందేమో అమ్మా" అంది మా అమ్మాయి. అక్కడ ఒక రాయి ఉంది, అది చూడాలని చెప్పాను. ఎందుకో పాపకి అర్థమయ్యేలా బస్సులో చెప్పుకుంటూ వెళ్ళాం. ఇక్కడా చెబుతాను.

జాన్ డొరొతీకి తమ్ముడు, ఏడాది చిన్న. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసేవాడు. 1800 మొదట్లో గ్రాస్‌మియర్ వచ్చినప్పుడు, అక్కా అన్నా ఉన్న ఆ ఇంటి తలుపు దాకా రెండుసార్లు వచ్చి, గడియ మీద చెయ్యి వేసి, ధైర్యం చాలక వెనక్కి తిరిగి, చివరికి పూటకూళ్ళ ఇంటి నుంచి కబురు పంపాడట. అంత సిగ్గరి. చిన్నప్పుడే చెదిరిపోయిన పిల్లలు మళ్ళీ ఒక ఇంట్లో కలవడం కదా, చెయ్యి వణకడంలో ఆశ్చర్యమేముంది. సుమారు ఎనిమిది నెలలు వాళ్ళతో ఉన్నాడు. సెప్టెంబరు 29న వెళ్ళిపోతుంటే విలియం, డొరొతీ ఇద్దరూ కొండ దాటించడానికి వెంట నడిచారు. గ్రైజ్‌డేల్ టార్న్ దాటాక, దూరంగా ఉల్స్‌వాటర్ కనబడే చోట విడిపోయారు. ఆ రోజు జల్లులు పడ్డాయనీ, ఎండ కూడా కాసిందనీ, తన మనసు బరువెక్కిందనీ, అయినా వెళ్ళేది పెన్రిత్ ఊరిదాకానే కాబట్టి మళ్ళీ కలుస్తామనే అనిపించిందనీ డొరొతీ రాసుకుంది. ఆ రోజు తేదీ మనకి తెలిసిందంటే ఆ డైరీ వల్లే.

జాన్ మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. 1805 ఫిబ్రవరి 5న అతను కెప్టెన్‌గా ఉన్న 'ఎర్ల్ ఆఫ్ అబెర్గవెనీ' అనే ఓడ ఇంగ్లాండు దక్షిణ తీరంలో వేమత్ దగ్గర మునిగిపోయింది. 250 మందికి పైగా పోయారు, జాన్ కూడా. ఆ ఓడ వెళుతున్నది బెంగాల్‌కి, అక్కణ్ణించి చైనాకి. కంపెనీ కెప్టెన్లకి సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది. అందులో విలియం, డొరొతీల డబ్బు కూడా పెట్టారు. జాన్ నాలుగు డబ్బులు సంపాదించుకొస్తే అన్న నిశ్చింతగా కవిత్వం రాసుకోవచ్చు, అందరూ గ్రాస్‌మియర్‌లో కలిసి బతకొచ్చు అనేది వాళ్ళ ఆశ. చిక్కుడు పాదులూ, వెన్నెల నడకలూ, గుడ్ల బుట్టా ఉన్న ఆ చిన్న ఇంటి భవిష్యత్తు మన బంగాళాఖాతం మీద, కంపెనీ దోచుకుంటున్న మన దేశం మీద ఆధారపడి ఉంది. నాకు డొరొతీ మీద ఉన్న ప్రేమ దీన్ని మరిచిపోనివ్వదు, మరిచిపోకూడదు కూడా. ఆవిడకి జరిగిన అన్యాయమూ నిజమే, ఆ ఇంటికి రావాల్సిన డబ్బు ఎక్కణ్ణించి వచ్చేదో అదీ నిజమే.

ఆ వేసవిలోనే, జూన్‌లో, విలియం మళ్ళీ గ్రైజ్‌డేల్ టార్న్ దగ్గరికి వెళ్ళాడు. తమ్ముడి మీద స్మృతి పద్యాలు రాశాడు, అవి 1842లో అచ్చయ్యాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, తర్వాత నేషనల్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన కేనన్ రాన్స్‌లీ పూనికతో, విడిపోయారనుకున్న చోట ఉన్న ఒక రాతి మీద ఆ పద్యాల్లోంచి కొన్ని పాదాలు చెక్కించారు. ఆ రాతికి 'బ్రదర్స్ పార్టింగ్ స్టోన్' అని పేరు. అన్నదమ్ముల ఎడబాటు రాయి. పటాల్లో కూడా ఆ పేరే.

అన్నదమ్ములు! ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్ళు ముగ్గురు. ఆ రోజుని తేదీతో సహా కాగితం మీద పెట్టింది మూడో మనిషి. పేరు మాత్రం ఇద్దరికే వచ్చింది.

ఇది వింటున్న మా మనవరాలు, ఎనిమిదేళ్ళది, "అయితే డొరొతీ వాళ్ళ సిస్టర్ కాదా అమ్మమ్మా?" అంది. సిస్టర్ అంటే చాలదే, విలియంకి చెల్లెలు, జాన్‌కి అక్క అన్నాను. తెలుగులో ఆ తేడా చెప్పక తప్పదు. మన భాషలో 'తోడబుట్టినవాళ్ళు' అంటే ఆడా మగా అందరూ వస్తారు. ఆ రాతికి తెలుగులో పేరు పెట్టి ఉంటే 'తోబుట్టువుల రాయి' అయ్యేదని నా ఉబలాటం. మన భాష చాలా న్యాయంగా ఉందని కాదు. మా నాన్న 'సకుటుంబంగా' కూడా ఆ భాషలోదే.

గ్రాస్‌మియర్‌లో దిగి, చీటీ ప్రకారం అందరం బాత్‌రూంకి వెళ్ళాం. ఊరి బయట మిల్ బ్రిడ్జ్ దగ్గర దారి పక్కకి చీలుతుంది. టంగ్ గిల్ అనే వాగు పక్కన పైకి నడక. ఒకప్పుడు గుర్రాల మీద సరుకులు మోసిన దారి ఇదే, కొండ దాటి ప్యాటర్‌డేల్ దాకా పోతుంది. నాకు మూడు గంటలు పట్టింది. మా అల్లుడు సంచీ మోశాడు, నా కోసం ప్రతి మలుపులో ఆగాడు. మంచివాడే, నేను కాదనను. "ఏమంత ప్లానింగ్ అవసరమా అనుకున్నాను గానీ అత్తయ్యా, వాన కోట్లు లేకపోతే చచ్చేవాళ్ళం" అన్నాడు రెండో జల్లు పడ్డాక. మా అమ్మాయి నా వైపు చూసి నవ్వి ఊరుకుంది. మాలో అతనొక్కడే ఏం తెచ్చామో తెలియకుండా కొండెక్కాడు.

కనుమ దాటగానే కింద టార్న్ కనబడింది. నల్లటి నీళ్ళు, గాలికి గీతలు గీతలుగా. చెట్టు లేదు, ఇల్లు లేదు. 945లో ఓడిపోయిన డన్‌మెయిల్ అనే రాజు కిరీటాన్ని అతని మనుషులు తెచ్చి ఈ చెరువులో పారేశారని ఒక కథ చెబుతారు. పాప కాసేపు కిరీటం కోసం నీళ్ళలోకి చూసింది. పారేసిన కిరీటానికి కూడా కథ మిగిలింది చూశారా.

నీళ్ళు బయటికి పోయే వైపు ఇంకాస్త ముందుకి దిగితే ఆ రాయి. ఊహించినంత గొప్పగా ఏమీ లేదు. అక్షరాలు చాలా అరిగిపోయాయి. వేలితో తడిమితే గాని తెలియడం లేదు. పక్కనే కూర్చుని డబ్బాలు విప్పాం. పులిహోర బాగా కుదిరింది. అల్లం ఎక్కువైందని నేనంటే, చలికి అదే మంచిదని మా అమ్మాయి అంది. అక్కణ్ణించి చూస్తే నిజంగానే దూరాన ఉల్స్‌వాటర్ ఒక మూల తళుక్కుమంది. డొరొతీ రాసింది సరిపోయింది.

అక్కడ కూర్చుని స్కేఫెల్ పైక్ సంగతి కూడా వాళ్ళకి చెప్పాను. ఇంగ్లాండులో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అది, 978 మీటర్లు. 1818 అక్టోబరు 7న డొరొతీ, స్నేహితురాలు మేరీ బార్కర్ కలిసి దాన్ని ఎక్కారు. అప్పటికి డొరొతీకి నలభై ఆరేళ్ళు. వెంట దారి తెలిసిన కాపరి ఒకడు, సామాను మోయడానికి ఒకడు, మేరీ బార్కర్ పనిమనిషి. అంతెత్తు వెళ్ళాలని మొదట అనుకోలేదు, కింద కనుమ దాకా వెళ్ళి రావాలనుకున్నారు. ఆకాశం బాగుండటంతో పైకి పోయారు. ఆ సంగతంతా డొరొతీ ఒక స్నేహితుడికి ఉత్తరం రాసింది. 1822లో విలియం తన 'గైడ్ టు ద లేక్స్' కొత్త ముద్రణలో ఆ వర్ణన వేసుకున్నాడు, చెల్లెలి పేరు లేకుండా. దాంతో కొండెక్కింది విలియమే అనుకున్నవాళ్ళు ఎందరో. అన్నాచెల్లెళ్ళ మధ్య అనుబంధం అలాంటిది, నీదీ నాదీ అనే తేడా లేదు అని సమర్థించేవాళ్ళున్నారు. కావచ్చు. తేడా లేని చోట ప్రతిసారీ ఒకరి పేరే మిగలడం ఎందుకో వాళ్ళు చెప్పరు. ఇక ఆ పనిమనిషి, ఆవిడ కూడా అంత కొండా తన కాళ్ళతోనే ఎక్కింది కదా. డొరొతీ పేరు తిరిగి తెచ్చుకోవడానికి మనకి ఇంతకాలం పట్టింది. ఆవిడ పేరు ఎవరు అడుగుతున్నారు?

దిగేటప్పుడు నా మోకాళ్ళు మొరాయించాయి. అనుకున్న బస్సు తప్పిపోయింది. చీటీలో తర్వాతి బస్సు వేళ కూడా ఉంది.

బస్సు రైడల్ మీదుగా వెళ్ళింది. విలియం కుటుంబం 1813 నుంచి ఉన్న ఇల్లు ఆ రోడ్డుకి పైన చెట్ల మధ్య ఉంటుంది. డొరొతీ 1829లో పెద్ద జబ్బు చేసి, 1835 తర్వాత మతి కూడా చెదిరి, ఇరవై ఏళ్ళు ఆ ఇంటికే పరిమితమైపోయింది. చక్రాల కుర్చీలో డాబా మీద తిప్పేవాళ్ళు. అంత నడిచిన మనిషి! 1850లో విలియం పోయాక కూడా 1855 జనవరిలో డొరొతీ పోయేదాకా ఆవిణ్ణి చూసుకున్నది మేరీయే, స్కాట్లాండు వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయిన మేరీ. వదినా ఆడబిడ్డల మధ్య ఆ ఇరవై ఏళ్ళు ఏం నడిచిందో అన్నాచెల్లెళ్ళ బంధం మీద రాసినంతగా ఎవరూ రాయరు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. కిటికీలోంచి ఆ ఇంటి కప్పు కనబడుతుందేమోనని మెడ తిప్పి చూశాను. చెట్లే కనబడ్డాయి.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. డబ్బాలు అల్లుడు కడిగాడు. బురద బూట్లలో కాగితాలు కుక్కి ఆరబెట్టాలని మా అమ్మాయి చెబితే అదీ చేశాడు. నేను పడుకునే ముందు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఆదివారం. రెండు జల్లులు, తర్వాత ఎండ. గ్రైజ్‌డేల్ టార్న్ దాకా నలుగురం. ప్లాను అమ్మాయిది, చీటీ రాత్రి పదకొండు దాకా రాసింది. పులిహోరలో అల్లం ఎక్కువ. పాప కొత్త బూట్లు కరవలేదు. ఒక వాన కోటు చంకలో చిరిగింది, కుట్టాలి.